పాప, బాబ, మామ: పెదవుల మీద ఒక్కటే

వికారాబాద్‌ల చెవులు వినపడని పిల్లల బడి ఒకటున్నది. మొన్న వానకాలంల అక్కడి డ్రాయింగ్ సార్ నాకు చీటి రాసి పంపిండు. "యాదయ్య తాతా, మీరు నలభై ఏండ్లు మనుషుల బొమ్మలు గీసిండ్రు. మీకు కూడ వినపడదు. మా పిల్లల్ల కొందరు ఈ పనిలకే వస్తమంటున్నరు, జర వచ్చి వాళ్లకు ధైర్యం చెప్పుండ్రి" అని. తాండూర్‌ల పొద్దుగాల రైలెక్కిన. మస్తు ఖుషిగ పోయిన. నా అసొంటోళ్లను ఒక్క తాన అంతమందిని చూసుడు నా బతుకుల అదే మొదలు.

పోయి చూస్తె ఏమున్నది, పిల్లలందరు చేతులతోని మాట్లాడుకుంటున్నరు. నాకు ఆ చేతుల భాష ఒక్క ముక్క రాదు. నా కాలంల మా దిక్కు నేర్పేటోళ్లు లేకుండిరి. నేను మనుషుల పెదవులు చూసి మాట పట్టుకుంట. ఆ పిల్లలేమో పెదవులు కదపకుంట వేళ్లు ఆడిస్తున్నరు, నవ్వుకుంటున్నరు, కొట్లాడుకుంటున్నరు. వినేటోళ్ల నడుమ చెవిటోణ్ని, ఆడ చెవిటోళ్ల నడుమ కూడ చెవిటోణ్నే అయిన. కుర్చీల కూసోని చేతులు ఒళ్లె పెట్టుకున్న.

ఆఖరుకు సార్ నల్లబోర్డు చూపిచ్చిండు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి సవాల్ రాస్తున్నరు, నేను కింద జవాబు రాస్తున్న. ఏ బ్రష్ మంచిది, ముక్కు ఎట్ల కుదురుతది, గిసొంటివి. పదో తరగతి పిల్ల ఒకామె లేచింది. పేరు మౌనిక. ఆ పేరు చూసి నవ్వొచ్చింది గని నవ్వలే. ఆ పిల్ల రాసింది: "తాతా, మీరు చేసిన అన్నిట్ల పెద్ద తప్పేంది?"

సార్ పరేషాన్ అయ్యి తుడువబోయిండు. నేనే వద్దన్న. సుద్దముక్క పట్టుకున్న. ఎట్ల రాయాల్నో తెల్వక, "ఇంటికి పోయి రాసి పంపిస్త బిడ్డా" అని రాసిన. రాస్తనని చెప్పి రెండు నెలలు రాయలే. నడుమ ఒక పని వచ్చి మీద పడ్డది. ఇప్పుడు రాస్తున్న. నాకు కప్పిన శాలువలు, ఇచ్చిన కాయితాలు ఇందుల ఉండయి. అవి బీరువల మంచిగనే ఉన్నయి.

చెవులు పోయిన సంగతి

మాది యాలాల్ దిక్కు పల్లె. కుర్మోళ్లం. నాయినకు గొర్లమంద ఉండె. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండంగ జరమొచ్చి పదిహేను దినాలు కండ్లు తెరవలే. తెరిచి చూస్తె అమ్మ నోరు కదులుతున్నది, మాట వస్తలేదు. అమ్మ మాట బందయ్యిందేమో అనుకొని ఏడ్సిన. బందయ్యింది నా చెవులని తెలిసేసరికి రెండు దినాలు పట్టింది.

అందుకే నా మాట ఇప్పటికి తొమ్మిదేండ్ల పిల్లగాని మాటనే. ఆ తర్వాత నేర్చుకున్న మాటలన్ని కాయితం మీదనో పెదవుల మీదనో చూసినయి. గొంతు ఎంత లేస్తదో నాకు తెల్వదు. నేను మెల్లగ అన్ననని అనుకుంట, బస్సుల ఉన్నోళ్లందరు తిరిగి నా దిక్కు చూస్తరు. అందుకని బయట మాట్లాడుడే తగ్గించిన.

నాయిన బడి మాన్పిచ్చి గొర్లెంబడి తోలిండు. నా అసలు చదువు అక్కడనే అయ్యింది. బయటోళ్లకు గొర్లన్ని ఒక్క తీరుగనే కనపడ్తయి. కాపరికి ఒక్కొక్క మొకం వేరే. ఒకదానికి ముక్కు మీద ఎత్తు, ఒకదానికి కండ్ల కింద మడత. తాండూర్ దిక్కు చేన్లకు కంచెలు గూడ నాపబండలే, నిలువుగ పాతుతరు. నేను ఆ బండల మీద బొగ్గుతోని గొర్ల మొకాలు గీస్తుంటి. ఒకసారి మా గొర్రె ఒకటి పక్కూరి మందల కలిసిపోయింది. వాళ్లు మాదంటె మాదన్నరు. నాయిన ఆ మందాయన్ను బండ కాడికి తోలుకొచ్చి, "ఇగో, మా గొర్రె గిదే, చూస్కో" అని నా బొమ్మ చూపిచ్చిండు. ఆయన నవ్వి గొర్రెను ఇడిచిపెట్టిండు. ఆ మాపటికి నాయిన నా నెత్తి నిమిరి అమ్మతోని అన్నడు, "వీడు గొర్లు కాసేటోడు కాదు" అని. ఆ మాట ఆయన పెదవుల మీద చూసిన. అంత సాఫ్‌గ ఇంకో మాట పట్టుకున్న యాది లేదు.

ఉస్తాద్ మీసం

పద్దెనిమిదో ఏట నన్ను వికారాబాద్‌ల రహీం ఉస్తాద్ తాన పెట్టిండ్రు. స్టేషన్ బయట బోర్డులు రాసే దుకాణం ఆయనది. దుకాణాల బోర్డులు, లారీల వెనక బొమ్మలు, చచ్చిపోయినోళ్ల ఫొటోలు పెద్దగ గీసి ఇచ్చుడు, అన్ని చేస్తుండె. చెయ్యి బంగారం. గని ఆయనకు గుబురు మీసం ఉండె. పై పెదవి మొత్తం కప్పేసేది. ఆయన ఎర్ర రంగంటె నేను పచ్చ రంగు తెచ్చేది. మస్తు తిట్టిండు, ఆ తిట్లు కూడ నాకు మీసం కిందనే పోయినయి.

పది దినాలు చూసిండు. పదకొండో దినం పొద్దుగాల దుకాణానికి పోతే, లోపట ఎవలో కొత్త మనిషి స్టూల్ మీద కూసోని బ్రష్షులు కడుగుతున్నడు. మీసం లేదు. నేను గుర్తుపట్టలే. ఆ మనిషి నన్ను చూసి, "ఇప్పుడు కనపడుతున్ననా బేటా?" అన్నడు. ఉస్తాదే. తర్వాత బతికినన్ని దినాలు మళ్ల మీసం పెంచలే. ఊరోళ్లు ఎకసెక్కాలు చేసినా ఫికర్ చెయ్యలే. నా జన్మల నాకు దక్కిన ఇజ్జత్ ఏదన్నుంటె అదే.

మీసం పోయినా తిప్పలు పోలే. పెదవులు చూసి మాట పట్టేటోళ్లకు తెలుగుల ఒక గండం ఉన్నది. ప, బ, మ. మూడింటికి పెదవులు మూసుకొని తెరుసుకుంటయి. చూసేటోనికి మూడు ఒక్కటే. పాప అన్నా, బాబ అన్నా, మామ అన్నా ఒక్కటే కనపడ్తది. ముందల వెనకల మాటలు చూసి అందాజ వెయ్యాలె.

నేను తాండూర్‌ల సొంతంగ రాసిన మొదటి బోర్డు బట్టల దుకాణానిది. సేఠ్ దేవుని పేరు మీద "మాత బట్టల దుకాణం" అన్నడు. నేను ఇంతింత అక్షరాలు, నీడలు దిద్ది, "పాత బట్టల దుకాణం" అని రాసి నిలబెట్టిన. బజారంత వచ్చి నవ్విపోయిండ్రు. సేఠ్ నెత్తి కొట్టుకున్నడు. ఉస్తాద్ మాత్రం నవ్వలే. పోయి ఒక పలక కొనుక్కొచ్చి, తాడు కట్టి నా మెడలేసిండు. "ఎంత పెద్దోడైనా సరే, పేరు నీ పలక మీద రాయించుకో. రాయి అని అడుగనీకె శరం పడకు. శరం పడ్డనాడు నీ పని ఖతం" అన్నడు.

మెడల పలక. ఇంత వయసొచ్చి బడి పిల్లగాని లెక్క. నాలుగేండ్లు వేసుకున్న. తర్వాత సంచిల పెట్టిన. తర్వాత ఇంట్ల మరిచిపోవుడు మొదలైంది.

పటేల్ ఇల్లు

తాండూర్‌ల నాపరాయి గనులున్న పటేల్ ఒకాయన నన్ను పిలిపిచ్చుకున్నడు. పేరు రాయ. ఊరంత ఆయన్ను పటేల్ అనే అంటుండె. పెద్ద బంగ్ల. హాల్ల గోడలకు తాతలు, ముత్తాతలు ఉండాలె, వాళ్ల పక్కన తనుండాలె అని ఆయన కోరిక. మిద్దె మీద ఒక అర్ర నాకు ఇచ్చిండు. పదిహేడేండ్లు ఆ ఇంటి మొకాలే గీసిన. రాజుల కాలంల ఆస్థానంల చిత్రకారులుంటుండె అంటరు గద, నా పని గూడ గసొంటిదే. కిరీటాలు ఒక్కటే లేకుండె.

మొదటి దినమే పటేల్ నా గదువ పట్టుకొని తన మొకం దిక్కు తిప్పుకున్నడు. "యాదిగా, ఇంటికి పెద్దపెద్దోళ్లొస్తరు. నీ గొంతు మేక గొంతు లెక్క ఉన్నది. ఈ ఇంట్ల నువ్వు మాట్లాడకు. గీసుడే నీ పని" అన్నడు. నాకు కోపం రాలేదంటె అబద్దం. గని తలూపిన. ఆ ఇంట్ల పదిహేడేండ్లు నోరు తెరవలే.

ఆ ఇంట్ల నేను నేర్చుకున్నదేందంటె, దిద్దుడు. పటేల్‌కు ముక్కు జర వంకర. నిలువుగ చేసిన. దవడ మీద గాటు ఉండె, తీసేసిన. తాతకు మెల్లకన్ను ఉండె, పాత ఫొటోల సాఫ్ కనపడ్తది, దాన్ని సక్కగ చేసిన. మొదట్ల మనసు పీకేది. రానురాను చెయ్యే దానంతట అది దిద్దుకుంట పోయేది. ఫొటోల గీత కనపడ్డా, మరక కనపడ్డా, ఇదేందని ఆలోచించకుంటనే తుడిచేసేది. ఇది గుర్తు పెట్టుకోండ్రి, ముందలికి మళ్ల వస్తది.

నా ముందల ఆ ఇంటోళ్లు ఏదంటె అది మాట్లాడుకుంటుండె. "వానికి వినపడదు తియ్" అని. పెదవులు కనపడ్తయని యాది ఉండకపోయేది. పొత్తులు, కొట్లాటలు, ఎవల మీద ఎవలికి మంట ఉన్నదో అంత చూసిన. ఎవ్వలికి చెప్పలే. చెప్పనీకె నాకు దోస్తులు గూడ లేకుండిరి. వచ్చినోళ్లు నా తెలివి చూడాలని, "యాదయ్యా, నేనేమన్ననో చెప్పు" అని ఆట ఆడిచ్చేటోళ్లు. నేను పలక మీద రాసి చూపిస్తె చప్పట్లు కొట్టేది. నోరు చూసి చదువుతడని తాండూర్ అంత పేరొచ్చింది. ఆ పేరు నా నెత్తికెక్కింది. అప్పటి సంది ఎదుటోణ్ని "రాయి" అని అడుగాలంటె నాకు నామోషి అనిపిచ్చేది.

ఇంకొకటి. చెవిటోనికి ఎవ్వలు కబురు చెప్పరు. పెండ్లి కబురైనా, చావు కబురైనా అందరికి తెలిసినంక ఎప్పుడో మాకు తెలుస్తది. ఎందుకంటె కబురనేది ఒకరి చెవుల ఒకరు వేసుకునేది. మాకు చెప్పాలంటె పని ఇడిచిపెట్టి ముందలికొచ్చి నిలవడాలె. అంత ఓపిక ఎవలికున్నది?

ఒక్క ఫొటో

పటేల్ చిన్న కోడలు సుశీలమ్మ. అది అసలు పేరు కాదు. ఆమెను అడిగే ఇది రాస్తున్న. ఆమె తల్లిగారిది కోట్‌పల్లి దిక్కు.

నేను ఆ ఇంట్ల చేరిన మూడో ఏడు. పటేల్ తన బొమ్మ నిలువెత్తుది కాకుండ తల, భుజాల దాకనే, పెద్దగ గీయమని, "ఫొటో పంపిస్త" అని చెప్పి ఉండె. వారం తర్వాత ఇంటిల్లిపాది జాతరకు పోయిండ్రు. మిట్టమధ్యాహ్నం సుశీలమ్మ ఒక్కతే నా అర్ర గడపల వచ్చి నిలవడ్డది. అరచేతంత ఫొటో, నల్లది తెల్లది. పటేల్ కుర్చీల కూసున్నడు. ఒళ్లె ఏడాదిన్నర ఆడపిల్ల నిలవడి ఆయన భుజానికి ఒరిగి ఉన్నది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మాట్లాడింది. పెద్దింటి కోడలు, కొంగు తియ్యి అని నేను అనలేను. కొంగు జరిగినప్పుడల్ల ముక్కలు ముక్కలు పట్టుకున్న. "మా మామ బొమ్మ... మంచిగ... చెప్పకు." చెప్పకు అన్నదెందుకో అనిపిచ్చింది. పటేల్‌కు తెల్వకుంట చేసి ఖుషి చేద్దామనుకుంటున్నదేమో అనుకున్న. కండ్లు ఎర్రగున్నయి. పొయ్యి పొగ అనుకున్న. సంచిల పలక ఉన్నది. తీసి ఆమె ముందల పెట్టి "ఎవల బొమ్మ?" అని అడిగితె అయిపోయేది. ఆమెకు చదువొస్తది. నేను అడుగలే. ఇంత పేరున్నోణ్ని, ఒక ఆడమనిషి ముందల నాకు అర్థం కాలేదని చెప్పుకుంటనా? తలూపి ఫొటో తీసుకున్న.

ఇంటికొచ్చి ఆ కాలంల చేసే తీరుగనే చేసిన. బ్లేడుతోని పటేల్ తల, భుజాల దాక కోసి, అట్ట మీద అతికిచ్చి, గళ్లు గీసిన. పెద్దగ చేయాలంటె గళ్లు కావాలె. మిగిలిన ముక్కలు కింద పడ్డయి. మా అనసూయ, నా పెండ్లాం, పొద్దుగాల ఊడ్సి నీళ్ల పొయ్యిల వేసింది. కాలర్ మీద నాలుగు తెల్లమచ్చలు ఉన్నయి. ఫొటో గీసుకపోయిందనుకొని, వాటి మీద బట్ట మడత గీసి కప్పేసిన.

నలభై దినాలు గీసిన. నా బతుకుల అంత మంచి బొమ్మ ఇంకొకటి రాలే. హాల్లకు మోసుకపోయి బట్ట తీసిన. పటేల్ లేచి నిలవడ్డడు. "ఫొటో ఎవలిచ్చిండ్రురా?" అన్నడు. నేను సుశీలమ్మ దిక్కు చూపిచ్చిన. అందరు ఆమె దిక్కు తిరిగిండ్రు. పటేల్ మొకం ఎలిగిపోయింది. "చూసిన్రా, నా కోడలికి నా మీద ఎంత ఉన్నదో" అన్నడు. నాకు శాలువ కప్పిండు. "నేను పోయినంక దండ దీనికే వెయ్యిండ్రి" అని కొడుకులకు చెప్పిండు. ఆమె గోడకు ఆనుకొని నిలవడ్డది. ఆ మొకంల నెత్తురు లేదు.

నేను ఎల్లిపోతుంటె వంటింటి గడపల ఆపింది. ఏదో అడిగింది. మళ్ల అదే మాట, రెండుసార్లు పెదవులు మూసుకొని తెరుసుకున్నయి. "మామ ఏది?" అని చదివిన. హాల్ల బొమ్మ దిక్కు వేలు చూపిచ్చిన, ఇంత పెద్దగ గీస్తె కనపడుతలేదా అన్నట్టు. ఆమె కాదు కాదని తలూపింది. అటు ఇటు చూసి, అరచెయ్యి కిందికి తెచ్చి, మోకాలి ఎత్తుల పట్టి చూపిచ్చింది. ఇంతది. ఇంత ఎత్తుది.

అప్పుడు అర్థమైంది. పాప.

ఆ పిల్ల వానకాలంల కోట్‌పల్లిల అమ్మమ్మ ఇంట్ల జరమొచ్చి పోయిందట. ఆ ఇంట్ల అందరికి తెలుసు, రోజూ పోయి వచ్చే నాకు తెల్వదు. చంటిపిల్లలు పోతె వాళ్ల బొమ్మ ఇంట్ల ఉంచొద్దని, పేరు కూడ ఎత్తొద్దని ఆ ఇంటి పెద్దల పట్టు. ఎత్తితె తర్వాత పుట్టెటోళ్లకు మంచిది కాదట. అందుకే ఎవ్వలు లేనప్పుడు వచ్చింది. పాపకు ఉన్నది ఆ ఒక్క ఫొటోనే.

ఇంటికి ఉరికిన. పొయ్యిల బూడిద వేళ్లతోని కెలికిన. అనసూయ ఏమైందని అడిగి, సంగతి తెలిసి, నాతోని పాటు కూసోని కెలికింది. ఏం దొరుకుతది? మట్టి, బూడిద.

మొన్న బడిల మౌనికను బోర్డు మీద రాసి అడిగిన, పాప, బాబు, మామ అని మీ చేతులల్ల ఎట్లంటరు అని. చూపిచ్చింది. దేనికదే వేరే. ఒకదానికొకటి పోలికనే లేదు. మీ బడి పిల్లలు ఈ తప్పు చేద్దామన్నా చెయ్యలేరు.

ఎవలి బిడ్డనో

తర్వాత నేను పాపను గీయనీకె చూసిన. యాదికి తెచ్చుకొని గీసిన. గొర్ల మంద మొత్తం మొకాలు యాదికుండే నాకు ఆ పిల్ల మొకం యాదికి లేదు. ఎందుకంటె పిల్ల ఎక్కువ అమ్మమ్మ ఇంట్లనే ఉండె, ఫొటోల నేను పటేల్‌నే చూసిన. చూడమన్నదే చూసిన. పనికిరాదనుకున్నది చూడలే. ఈ పనిలకొచ్చేటోళ్లు ఎవలన్న నన్ను ఒక్క మాట చెప్పమంటె ఇదే చెప్త: ఫొటోల ఉన్నోళ్లందరిని చూడుండ్రి, మీకు చెప్పినోళ్లనే కాదు.

బొగ్గుతోని ఒక మొకం గీసి అనసూయతోని చాటుకు పంపిన. అనసూయ తిరిగి తెచ్చింది. "కాదట" అన్నది. ఇంకో ఏడు ఇంకొకటి. అది కూడ వాపస్. మూడోసారి సుశీలమ్మ అనసూయ చేతులు పట్టుకొని చెప్పి పంపిందట, "ఎవలి బిడ్డనో తెచ్చి నా ఒళ్లె పెట్టొద్దని యాదయ్యకు చెప్పు" అని. ఆనాటి సంది బంద్ చేసిన.

ఆమెకు తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టిండ్రు. ఇల్లు నిండింది. నేను మిద్దె మీదికి పోయేటప్పుడు, దిగేటప్పుడు ఆమె హాల్ల ఎదురుపడేది. పటేల్ బొమ్మను రోజూ తుడిచేది ఆమెనే. పటేల్ వచ్చినోళ్లందరికి నా కోడలు చేయించిన బొమ్మ అని చూపిచ్చుకునేది. మేమిద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకోకపోయేది. అంతమంది ఉన్న ఇంట్ల ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు, ఇద్దరం నోరు తెరవలేం. ఆమె నన్ను ఒక్కసారి తిట్టినా బాగుండు అనిపిచ్చేది.

ఫ్లెక్సీలొచ్చినంక నా పని పోయింది. పటేల్ ఇంట్ల నా అర్ర ఆయన మనుమని ఆటసామాన్లకు ఇచ్చిండ్రు. దానికి నేనేం ఏడ్వలే. ఏడ్సింది అనసూయకు. ఆమె మాట ఒక్కటే నేను తప్పులేకుండ చదివేది. ప, మ తేడా తెల్వకపోతె ఆమె ముక్కు మీద వేలు పెట్టేటోణ్ని. మ అంటె ముక్కు అదురుతది, ప అంటె అదరదు. రోజుకు పదిసార్లు ముక్కు పట్టుకుంటవని కసురుకునేది. అందరు మాస్కులు పెట్టుకున్న ఏడాది దవాఖానల పోయింది. అక్కడ ఎవల నోరు నాకు కనపడలే. ఎవలో వచ్చి నా ముందల చానసేపు మాట్లాడి పోయిండ్రు. ఏమన్నరో తెల్వదు. మా మరదలు నా కాళ్ల మీద పడ్డంక తెలిసింది. అప్పటి సంది ఇంట్ల నాతోని మాట్లాడే నోరు లేదు.

శుక్లాలు తీసినంక

బడికి పోయొచ్చిన నెలకు పటేల్ పోయిండు. నిండు వయసు, ఇంట్లనే పోయిండు. ఈసారి కబురు నాకు తొందరగనే వచ్చింది, ఎందుకంటె పనున్నది. పెద్ద కొడుకు మనిషిని పంపిండు. "హాల్ల బొమ్మకు చెమ్మ పట్టింది, కాలర్ కాడ రంగు లేస్తున్నది. కర్మ చేసే దినం లోపల సక్కగ చెయ్యాలె. నాయిన కోరిక, దండ దానికే" అని.

ఇంట్ల రేకు పెట్టెల ఆ పాత అట్ట ముక్క ఇంకా ఉన్నది. ముప్పై ఏండ్ల సంది తీయలే. కాలర్ గీతలు చూసుకోవాలె గద అని తీసిన. ఎండాకాలంల నాకు కండ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యింది. కొత్త కండ్లు. భూతద్దం పెట్టి కాలర్ కాడ చూసిన.

నాలుగు తెల్లమచ్చలు. మచ్చలు కావు. వేళ్లు. పాప చిన్న చెయ్యి, తాత కాలర్ పట్టుకొని ఉన్నది. మణికట్టు కాడ నా బ్లేడు కోసుకపోయింది. వేళ్లు మాత్రం మిగిలినయి. చూపుడువేలు గోరు సుత కనపడుతున్నది.

ముప్పై ఏండ్లు లేని మొకం కోసం కొట్టుకున్న, ఉన్న చెయ్యి నా పెట్టెలనే ఉండె. మరకనుకొని నా చెయ్యితోని నేనే కప్పిన.

రెండు దినాలు ఆ బంగ్ల మిద్దె మీద కూసోని పని చేసిన. లేచిన రంగు గీకిన. బట్ట మడత తీసేసిన. నాలుగు వేళ్లు గీసిన. ఏది సొంతంగ పెట్టలే, ఏది దిద్దలే. ఫొటోల ఎంతున్నదో అంతే. చూపుడువేలు జర వంకర, వంకరగనే గీసిన. అదే ఊపుల పటేల్ దవడ మీది గాటు కూడ వాపస్ పెట్టిన. ఇంక ఆయన నన్నేమంటడు?

కర్మ దినం నాడు బొమ్మ గోడకెక్కిచ్చిండ్రు. ఎవ్వలు గమనించలే. కొడుకు బంతిపూల దండ వేసిండు. దండ సక్కగ కాలర్ మీదికే వచ్చి వేళ్లను కప్పేసింది. అది నేను ముందే అనుకున్నదే. దండ మార్చేది ఇంటి పెద్ద కోడలు కాదు, ఆమె మోకాళ్లు లేవయి. సుశీలమ్మనే.

జనం తగ్గినంక ఆమె దీపంల నూనె పొయ్యనీకె వచ్చింది. జుట్టు తెల్లబడ్డది. నేను సంచిల నుంచి పలక తీసిన. రాసి ఆమె ముందల పట్టిన: "దండ జర ఎత్తి చూడుండ్రి అమ్మా."

చదివింది. నా మొకం చూసింది. ముప్పై ఏండ్ల తర్వాత మొదటిసారి. దండ ఒక్క చేత్తోని పైకి లేపింది.

దగ్గరికి పోయి, తన వేలు తెచ్చి, ఆ చిన్న వేళ్ల పక్కన పెట్టింది. రంగు ఇంకా పచ్చిగనే ఉన్నది, వేలికి అంటింది. తుడుసుకోలే. దండ కిందికి ఇడిచి నా దిక్కు తిరిగి, నోటి మీది కొంగు తీసేసింది. పెదవులు రెండుసార్లు మూసుకొని తెరుసుకున్నయి. ఆమె చెయ్యి మెల్లగ మోకాలి ఎత్తుకు దిగింది.

నేను పలక కింద పెట్టిన. ఆ ఇంట్ల మాట్లాడొద్దని చెప్పినాయన గోడ మీద ఉన్నడు.

"పాప" అన్న.

ఎంత గట్టిగ అన్ననో నాకు తెల్వదు. హాల్ల ఉన్నోళ్లందరు మా దిక్కు తిరిగిండ్రు.